ఏడో ప్రశ్న గురించి జనగణన కమిషనర్ గారికి

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి,



మీ ఆఫీసు పని నేను మూడుసార్లు చేశాను. 1991లో ఒకసారి, 2001లో ఒకసారి, 2011లో ఒకసారి. ఇంటింటికీ తిరిగిన లక్షల మంది బడిపంతుళ్ళలో ఒకణ్ణి. కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. 2027 ఫిబ్రవరిలో మళ్ళీ జనాభా లెక్కలు. ఈసారి నేను అడిగేవాణ్ణి కాదు, చెప్పేవాణ్ణి. గుమ్మానికి అవతలి పక్క చేరాను కాబట్టి ముందుగా మీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి.

2011లో ఏడో ప్రశ్నకు చాలా ఇళ్ళలో నేను అడక్కుండానే జవాబు రాసేశాను.

ఏడో ప్రశ్న అంటే మీకు గుర్తుండే ఉంటుంది. పేరు, ఇంటి పెద్దకు ఏమవుతారు, ఆడా మగా, వయసు, పెళ్ళయిందా, ఎన్నో ఏట అయింది, ఆ తర్వాత మతం. హిందువుకు 1, ముస్లిముకు 2, క్రైస్తవుడికి 3, సిక్కుకు 4, బౌద్ధుడికి 5, జైనుడికి 6. వేరే మతమైతే పేరు పూర్తిగా రాయాలి. చెప్పినవాళ్ళు చెప్పినట్టు రాయడమే మా పని. కానీ గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు కనబడుతుంటే "మీ మతమేమిటండీ" అని నోటితో అడిగితే జనం వింతగా చూస్తారు. "కనపట్టంలా?" అంటారు. అలా నాలుగిళ్ళలో అనిపించుకున్నాక ఐదో ఇంటి నుంచి అడగడం మానేశాను. పసుపు కనిపిస్తే 1, సిలువ కనిపిస్తే 3. ఒక్క తులసికోట కనిపిస్తే ఇంటిల్లిపాదికీ వరసగా ఆరు ఒకట్లు పడిపోయేవి.

ఆ అలవాటుకు ఒక మామ్మగారు అడ్డుపడ్డారు.

నా బ్లాకులో చివరి ఇల్లు అది. మినుము నూర్పిళ్ళ రోజులు. అరుగు మీద ఎనభైకి దగ్గరపడిన పెద్దావిడ చేటతో మినుములు చెరుగుతున్నారు. చేట లేచినప్పుడల్లా పొట్టు వచ్చి నా కాగితాల మీద పడుతోంది.

"ఇంటి పెద్ద పేరు చెప్పండి మామ్మగారూ" అన్నాను.

చేట ఆగింది. లోపల నులకమంచం మీద పడుకున్న ముసలాయన వైపు చూశారు. ఆయనకు చెవులు వినపడవు. ఆయన్ని అడిగి లాభం లేదని తేలాక, గోడకు వేలాడుతున్న ఎరువుల కొట్టు క్యాలెండర్ వైపు గడ్డంతో చూపించారు. క్యాలెండర్ మీద తిరుమల స్వామి బొమ్మ.

"వెంకటేశ్వర్లు గారా?"

"ఊఁ" అన్నారు, పెద్ద బరువు దింపుకున్నట్టు.

పెళ్ళయి అరవై ఏళ్ళయినా ఆ పేరు ఆవిడ నోటి మీదుగా రాలేదట. మొగుడి పేరే దేవుడి పేరు కావడంతో దేవుడికీ అదే తిప్పలు. ఆయన్నెప్పుడూ ఏడుకొండలవాడనే అంటారట. నేను నవ్వుకుంటూ వరసగా గడులు నింపుకుపోతున్నాను.

"ఇప్పుడేం రాశావు బాబూ?"

"మతం మామ్మగారూ."

"నన్నడగలేదే?"

"ఆ తులసికోట చూసి రాశానండీ."

"అది మా కోడలు పెట్టింది."

నాకేం చెప్పాలో తోచలేదు. ఆవిడే అన్నారు: "దేవుడున్నాడంటావా లేడంటావా అని అడుగుతావేమో అనుకున్నాలే."

"అది అడగమండీ. అడిగితే ఏమంటారు?"

చేటలోంచి ఒక మట్టిగడ్డ ఏరి అవతల పారేశారు. అప్పుడు చెప్పారు. వాళ్ళది కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు పెద్దకొడుకు పోయాడు. పద్దెనిమిదేళ్ళవాడు. మూడోనాడు దొరికాడు. ఆ ఏడాదంతా దీపం పెట్టలేదు. మరుసటి ఏడు మళ్ళీ పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పటికీ మానలేదు.

"అయితే ఉన్నాడనేగా మామ్మగారూ?"

"ఉంటే చూసి సిగ్గుపడతాడని పెడుతున్నా. లేకపోతే నూనె దండగ. అంతేగా."

మళ్ళీ చేట అందుకున్నారు.

పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి గణితవేత్త దేవుడి మీద ఒక పందెం కట్టాడు. నమ్మితే, దేవుడుంటే అనంతమైన లాభం. లేకపోతే పెద్దగా పోయేదేమీ లేదు. కాబట్టి నమ్మడమే తెలివి. పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ముప్పై ఏళ్ళు ఆ కథ చెప్పాను. మామ్మగారి లెక్కలో లాభమనే గడే లేదు. ఉన్నా సరే ఆయన దగ్గర్నుంచి ఆవిడ ఏమీ ఆశించడం లేదు. అది నమ్మకమా, అపనమ్మకమా, అభిమానమా? నా కాగితం మీద అప్పటికే పడిన 1ని అలాగే ఉంచి బయటకొచ్చాను. ఇంకెక్కడ రాయను?

ఆ తర్వాత చాలా రోజులకు 1948 నాటి జనాభా లెక్కల చట్టం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తీరిగ్గా చదివాను. ఎన్యూమరేటర్‌గా ఉన్నప్పుడు చదవాల్సింది, రిటైరయ్యాక చదివాను. అందులో ఎనిమిదో సెక్షన్ నాకు భలే నచ్చింది. అడిగిన ప్రశ్నకు ప్రతివాళ్ళూ తమకు తెలిసినంతవరకు గానీ, తమ నమ్మకం మేరకు గానీ జవాబు చెప్పి తీరాలట. బుద్ధిపూర్వకంగా అబద్ధం చెబితే, అసలు చెప్పనంటే, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని పదకొండో సెక్షన్ అంటుంది. ఎనిమిదో సెక్షన్‌లోనే ఒక మినహాయింపు కూడా ఉంది. ఆచారం ప్రకారం భర్త పేరు పలకకూడని స్త్రీని ఆ పేరు చెప్పమని నిర్బంధించకూడదు. పోయిన భర్త పేరైనా సరే.

అయ్యా, ఆ చట్టం రాసినవాళ్ళెవరో గానీ మా మామ్మగారిని చూసే రాశారు. మనిషికి ఒక పేరు నోట రాకపోవచ్చు, అయినా ఆమె దేశం లెక్కలో ఉండాల్సిందే అని వాళ్ళకు తెలుసు. తెలియడం వేరు, నమ్మడం వేరు అని కూడా తెలుసు, అందుకే రెండు మాటలూ విడివిడిగా పెట్టారు. ఇంత మర్యాద తెలిసిన చట్టం కింద అచ్చయిన ఫారంలో ఏడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఒక్క అంకె పట్టే గడి మిగిలింది.

మతం అడిగాంగానీ దేవుడున్నాడా అని అడగలేదుగా అంటారు మీరు. నిజమే. మీ ఆఫీసు ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. కానీ 2015 ఆగస్టులో 2011 నాటి మతం అంకెలు బయటకు వచ్చినప్పుడు వాటిని చదివినవాళ్ళంతా అలాగే చదివారు. 121 కోట్ల మందిలో మతం చెప్పనివాళ్ళు 28 లక్షల 67 వేలు, అంటే 0.24 శాతం. నాస్తికులమని చెప్పుకున్నవాళ్ళు 33 వేల చిల్లర. దాంతో గుడి కమిటీలో ఉన్న మా పక్కింటాయన "చూశారా మాస్టారూ, దేశంలో దేవుణ్ణి నమ్మనివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు" అన్నారు. మా హేతువాది మిత్రుడొకాయన "ఈ లెక్కంతా దొంగలెక్క" అన్నాడు. ఇద్దరూ ఏడో గడిని దేవుడి మీద పోలింగు అనుకున్నవాళ్ళే.

ఆ మిత్రుడే ఇప్పుడు నా వెంటపడుతున్నాడు. "ఈసారైనా ధైర్యంగా నాస్తికుడు అని రాయించు. నువ్వు లెక్కల మాస్టారివి, నీకేం భయం?" అంటాడు. నా ఇబ్బంది భయం కాదు. అతనికున్నంత రూఢి నాకు లేదు.

రూఢి అంటే గుర్తొచ్చింది. దీన్ని కొలవడానికి రిచర్డ్ డాకిన్స్ 2006లో రాసిన ‘ది గాడ్ డెల్యూజన్’లో ఒక కొలబద్ద ఇచ్చాడు. దేవుడు నూటికి నూరుపాళ్ళూ ఉన్నాడని తెలిసినవాడు 1. సగం సగం అనేవాడు 4. లేడని నూటికి నూరుపాళ్ళూ తెలిసినవాడు 7. ప్రపంచంలోకెల్లా పేరుమోసిన నాస్తికుడు కదా, తను 7 అని రాసుకుంటాడనుకుంటాం. రాసుకోలేదు. 6 దగ్గర ఆగి, 7 వైపు మొగ్గుతున్నానన్నాడు. తర్వాత తర్వాత 6.9 అన్నాడు. ఆ మిగిలిన 0.1 చూసి కొందరు వెక్కిరించారు. లెక్కల మాస్టారుగా నాకు ఆ 0.1 మీదే గౌరవం.

ఎందుకో చెబుతాను. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత అంచనాను ఎలా సవరించుకోవాలో చెప్పే సూత్రం ఒకటుంది, బేయస్ సూత్రం. నీ మొదటి అంచనా సున్నా అనుకో. కొత్త సాక్ష్యం ఎంత పెద్దదైనా దాన్ని సున్నాతోనే గుణించాలి. సున్నాయే వస్తుంది. మొదటి అంచనా ఒకటి అనుకో. ఆ వైపు నుంచి కూడా ఎన్ని సాక్ష్యాలు తెచ్చిపోసినా ఒకటి ఒకటిగానే ఉంటుంది. అంటే రెండు కొసల్లో కూర్చున్నవాళ్ళకు ఇక చూడాల్సిందీ వినాల్సిందీ ఏమీ ఉండదు. కాస్త కదిలే చోటు మధ్యలో ఉన్నవాళ్ళకే. చెప్పడం మరిచాను, ఈ సూత్రానికి పేరిచ్చిన థామస్ బేయస్ క్రైస్తవ ప్రబోధకుడు. ఆయన పోయిన రెండేళ్ళకు 1763లో ఆ వ్యాసం అచ్చయింది.

మామూలు రోజుల్లో ఆ కొలబద్ద మీద నాది 5. ఉన్నాడో లేడో తెలియదు, లేడేమోననే అనుమానం ఎక్కువ. అయితే మూడేళ్ళ కిందట మా ఆవిడకు గుండె ఆపరేషన్ జరిగింది. నాలుగు గంటలు థియేటర్ తలుపు పైన ఎర్రలైటు చూస్తూ కూర్చున్నాను. మొదటి గంటలో 4 అయ్యాను. లోపలి నుంచి ఒక నర్సు పరుగున వచ్చి బ్లడ్‌బ్యాంకు వైపు వెళ్ళినప్పుడు తిన్నగా 2కు వచ్చేశాను. తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. ఇవ్వడానికి నా తల మీద పెద్దగా ఏమీ లేదన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. సర్జన్ బయటకొచ్చి మాస్కు కిందికి లాగి "బాగుందండీ" అన్నాడు. క్యాంటీన్‌లో కాఫీ సగం తాగేసరికి 4. డిశ్చార్జి నాడు బిల్లు చూశాక మళ్ళీ 5.

ఇందులో ఏ సాక్ష్యం మారింది? ఏదీ మారలేదు. పరుగెత్తిన నర్సు దేవుడున్నాడనడానికి రుజువూ కాదు, బిల్లు లేడనడానికి రుజువూ కాదు. బేయస్ నా జవాబుపత్రం చూస్తే సున్నా మార్కులు వేస్తాడు. అయినా ఆ రోజు మీ ఎన్యూమరేటర్ వచ్చి అడిగి ఉంటే నేను ఏ గంటలో చెప్పిన జవాబు నా నమ్మకం మేరకు చెప్పినట్టు? మొక్కు సంగతా? తీర్చుకున్నాను. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఇచ్చి వచ్చాను. నమ్మకం 5 దగ్గరే ఉంది. ఇచ్చిన మాట మాట.

డాకిన్స్‌కు అంకెలు కావాల్సి వచ్చాయి. మనకు ఆ అవసరం లేదనిపిస్తుంది. తెలుగులో క్రియాపదం చివర మారిస్తే చాలు.

పక్కింటాయన ఇంట్లో ఉన్నాడా అని ఎవరైనా అడిగారనుకోండి. ఇప్పుడే చూసి వచ్చి ఉంటే "ఉన్నాడు" అంటాం. వాకిట్లో ఆయన చెప్పులు కనబడితే "ఉండే ఉంటాడు" అంటాం. రోజూ ఈ వేళకు ఉండే మనిషి కాబట్టి "ఉంటాడు" అంటాం. వాళ్ళావిడ చెబితే "ఉన్నాడట". ఏమీ తెలియకపోతే "ఉన్నాడేమో చూడండి". పొద్దున్నే సంచి పుచ్చుకుని బస్సెక్కడం చూసి ఉంటే "ఎక్కడున్నాడు!" ఇంకా "ఉండొచ్చు", "ఉంటే ఉండొచ్చు", "లేకపోలేదు", "లేడనలేను" ఉన్నాయి. ఈ మెట్లలో ఏది దేని కంటే ఎత్తో మన పిల్లలకు బడిలో ఎవరూ నేర్పక్కర్లేదు. అయిదేళ్ళకే వచ్చేస్తాయి.

ఇప్పుడు పక్కింటాయన స్థానంలో దేవుణ్ణి పెట్టి చూడండి. ఈ సూర్యుడూ చంద్రుడూ, ఈ ఋతువులూ వాటంతటవే వచ్చాయా అని వాదించేవాళ్ళంతా వాకిట్లో చెప్పులు చూసి చెబుతున్నవాళ్ళు. వాళ్ళది "ఉండే ఉంటాడు". గ్రంథాలు చదివి చెప్పేవాళ్ళది న్యాయంగా "ఉన్నాడట". నేను చూసి వచ్చాననేవాడిది ఒక్కడిదే "ఉన్నాడు". పల్లెల్లో ఎవరినైనా దేవుడున్నాడా అని అడిగితే ఎక్కువమంది అనే మాట నాకు తెలిసి "ఉంటాడు". దేవుడున్నాడు అనే పూర్తి మాట వాళ్ళ నోట వచ్చేది వేరే సందర్భంలో, అన్యాయం చేసినవాడి వైపు వేలు చూపిస్తూ. అది సిద్ధాంతం కాదు, హెచ్చరిక. "దేవుడనేవాడుంటే" అని మొదలుపెట్టారంటే తర్వాత వచ్చేది ఫిర్యాదు.

ఎవరికీ అంతుపట్టని విషయానికి మనం వాడే మాట కూడా చూడండి. "ఆ దేవుడికే తెలియాలి" అంటాం. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఉంది, నాసదీయ సూక్తమంటారు. సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో పైనుండి చూసే ఆయనకు తెలుసేమో, ఒకవేళ ఆయనకూ తెలియదేమో అన్న సందేహం దగ్గర అది ఆగుతుంది. ఆ లెక్కన మన మాటలో ఉన్నంత నిబ్బరం కూడా ఆ ఋషికి లేదు. పోతన భాగవతంలో ఏనుగుకు మాత్రం? మొసలి కాలు పట్టి లాగుతుంటే, అందరూ ఉన్నాడనే ఆయన అసలున్నాడా అని గజేంద్రుడు అనుమానపడ్డాడు. వైకుంఠం నుంచి పరుగెత్తుకొచ్చిన ఆయన నీ నమ్మకం ఎంత శాతమని అడగలేదు. ఆ పద్యం తెలియని తెలుగువాడుండడు, అనుమానపడ్డందుకు ఏనుగును తప్పుపట్టినవాడూ కనబడడు.

మా మిత్రుడితో పేచీ వచ్చేది కూడా మాట దగ్గరే. అతను నాస్తికుడు అంటే దేవుడు లేడనేవాడు అంటాడు. పాత శాస్త్రాల్లో అలా లేదు. వేదాన్ని ఒప్పుకోనివాడు నాస్తికుడు. అందుకే కుమారిలభట్టు లాంటి మీమాంసకులు లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడు అక్కర్లేదని వాదించి కూడా దర్జాగా ఆస్తికుల పంక్తిలో కూర్చున్నారు. వేదాన్ని కాదన్నందుకు బౌద్ధులూ జైనులూ నాస్తికుల పంక్తిలోకి వెళ్ళారు. సృష్టికర్త లేడన్నది మూడు పక్షాలకూ ఉమ్మడి. మీ ఫారంలో మీమాంసకుడికి 1, బౌద్ధుడికి 5, జైనుడికి 6. అందులో జైనులది ఇంకో విశేషం. ఏ సంగతి గురించైనా ఉందని, లేదని, ఉందీ లేదని, చెప్పలేమని, వాటిని కలిపి ఇంకో మూడు, మొత్తం ఏడు రకాలుగా చెప్పొచ్చంటారు. ప్రతిదానికీ ముందు ‘స్యాత్’ అని తగిలిస్తారు, అంటే ఒక కోణంలో చూస్తే అని. ఏడు మెట్లని డాకిన్స్‌కు ఎవరు చెప్పారో గానీ.

ఈ దేశంలో దేవుడి మీద నిజంగానే ఒకసారి ఓటింగు జరిగింది. ఆ సంగతి మా పక్కింటాయనకూ తెలియదు, మిత్రుడికీ తెలియదు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభ ప్రవేశిక గురించి చర్చిస్తుంటే, దాన్ని దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. అసోం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి, తమది కామాఖ్య అమ్మవారి సీమ కాబట్టి దేవుడి పేరుతో కాదు దేవి పేరుతో అనాలన్నారు. దేవుడి మీద ఓటేయాల్సిన ఇరకాటంలో తమను పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను బతిమాలారు. ఆయన వినలేదు. చేతులెత్తించారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. దేవుడు 27 ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

ఆ 68 మందిని నాస్తికులని ఎవరైనా అనగలరా? పట్టం థాను పిళ్ళై తాను భక్తుణ్ణేనని చెప్పుకుని మరీ ఆ సవరణను వ్యతిరేకించారు. నమ్మే స్వేచ్ఛలో నమ్మకపోవడం కూడా ఉందని ఆయన వాదన. హృదయనాథ్ కుంజ్రూ దీన్ని బలవంతం కిందే లెక్కగట్టారు. ఓటు ఒకటే, దాని వెనక కారణాలు ఎన్ని ఉన్నాయో! రాజ్యాంగం మూడో షెడ్యూలులో ప్రమాణం చేసేవాళ్ళకు రెండు దారులుంచారు. దేవుడి మీద ప్రమాణం చేయొచ్చు, ఆత్మసాక్షిగా చేయొచ్చు. మంత్రి అయ్యేవాడికి ఉన్న ఆ వెసులుబాటు జనాభా లెక్కల్లో మా మామ్మగారికి లేదు.

మా జిల్లాకు దగ్గరి మాట ఒకటి చెప్పి ఈ పాతకథలు ఆపేస్తాను. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరాగారి కంటే గట్టి నాస్తికుణ్ణి ఆంధ్రదేశం చూసి ఉండదు. ఆయన గాంధీగారి దగ్గరకు వెళ్ళి నాస్తికత్వం గురించే మాట్లాడారు. తన ఆస్తికత్వమే సరైనదని గానీ, గోరా నాస్తికత్వం తప్పని గానీ తాను చెప్పలేనని గాంధీ అన్నట్టు గోరాయే రాశారు. రోజూ సాయంత్రం ప్రార్థన చేసే మనిషి అన్న మాట అది. ఆయన్ని ఏ అంకె కింద వేస్తారు? 1 కింద వేస్తారు, నాకు తెలుసు. నేనైనా అదే వేసేవాణ్ణి, వాకిట్లోంచే.

అయితే దేవుడి మీద నమ్మకం ఎంత అని అడిగే ప్రశ్న ఒకటి కలపమంటారా అని మీరు అడగొచ్చు. వద్దు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు అది అడిగారు. 2019 చివర్లో, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని కలిశారు. 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. చాలా మతాల్లో దాదాపు 80 శాతం మంది తమకు పూర్తి రూఢిగా తెలుసన్నారు. బౌద్ధుల్లో మూడోవంతు మంది మాత్రం నమ్మమన్నారు. వాళ్ళ లెక్కలో తప్పుందని నేననను. మూడు దఫాలు కాగితాలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డ అనుభవంతో ఒకటి చెప్పగలను. ముక్కూమొహం తెలియనివాడు కలం పట్టుకుని వచ్చి "దేవుణ్ణి నమ్ముతారా" అని అడిగితే, అత్తగారు వెనక నిలబడి ఉండగా ఏ కోడలూ "ఉంటే గింటే ఉండొచ్చు" అనదు. మామ్మగారు కూడా నేను తప్పు చేసి దొరికిపోయాను కాబట్టి చెప్పారు. మర్యాదగా ముందే అడిగి ఉంటే "మా మతమే బాబూ" అనేసి మళ్ళీ చేట అందుకునేవారు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. ఈసారి ఫోన్లోనే అంతా నింపుతారట, ఎవరి ఇంటి వివరాలు వాళ్ళే నింపుకునే సదుపాయమూ ఉందట. ఆ తెర మీద ఆరు మతాల సరసన, అదే సైజు అక్షరాల్లో, ‘మతం లేదు’ అనే మాటా ‘చెప్పలేను’ అనే మాటా కనబడేలా పెట్టించండి. అవి రెండూ ఒకటి కావు. మా మిత్రుడికి మొదటిది కావాలి, నాకు రెండోది. అతన్నీ నన్నూ కలిపి ‘మతం చెప్పనివారు’ అనే గంపలో వేస్తే, చెప్పినవాణ్ణి కూడా చెప్పలేదన్నట్టే. కొత్త కోరికేం కాదిది. జనన ధ్రువీకరణ పత్రం దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే గడి ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఇంగ్లండులో జనాభా లెక్కల్లో మతం ప్రశ్నకు జవాబివ్వడం ఇవ్వకపోవడం మనిషి ఇష్టం. 2021లో అక్కడా వేల్స్‌లోనూ 37 శాతం మంది మతం లేదని గుర్తు పెట్టారు. అక్కడ ఉంటున్న మా అన్నయ్య కొడుకు గుర్తు పెట్టింది మాత్రం హిందూ గడిలో. ఎందుకురా, నీకు నమ్మకం లేదుగా అంటే "దీపావళికి సెలవు పెట్టేది నేనేగా బాబాయ్" అన్నాడు. వాడి జవాబులో తప్పేమీ లేదు. మతం గడి కొలిచేది అదే. ఏ పండక్కి సెలవు పెడతావు, పెళ్ళి ఎవరు చేయిస్తారు, పోతే కాల్చాలా పూడ్చాలా. దేశానికి ఆ లెక్కా కావాల్సిందే. అంకెలు విడుదల చేసేటప్పుడు దాన్ని ఆ లెక్కగానే, ఒక్క వాక్యంలో చెప్పి విడుదల చేయండి.

ఇంకొకటి. ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నా కథ చెప్పినా నాకు అభ్యంతరం లేదు, పేరు లేకుండా. తులసికోట కోడలు పెట్టి ఉండొచ్చని చెప్పండి. ఇంటికి ఒక్కరినే అడిగి అందరి మతమూ రాసుకోవడం ఎలాగూ తప్పదు, అందర్నీ వరసలో నిలబెట్టలేరు. కనీసం ఆ ఒక్కరినైనా అడగమనండి.

మా ఇంటి సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఏం రాయించాలో నేను నిర్ణయించుకున్నాను, మా మిత్రుడికీ చెప్పాను, వాడు నిట్టూర్చాడు. అయితే మీవాళ్ళు వచ్చేది పొద్దున పది గంటల వేళకు. ఆ టైముకు నేను లైబ్రరీలో పేపరు చదువుతుంటాను. తలుపు తీసేది మా ఆవిడ. మొన్న ఈ ఉత్తరం చదివి వినిపిస్తే, "మీకేం రాయించాలో నాకు తెలుసులెండి" అంది. ఏం రాయిస్తావని రెండుసార్లు అడిగాను. చెప్పలేదు.

ఇట్లు,
మీ పాత ఎన్యూమరేటర్